చెయ్యి తిరిగిన మెయింటెనెన్స్ మెకానిక్‌ని పనిలోకి తీసుకోవడం ఎలా: లాగ్‌బుక్ నుంచి తొంభయ్యో రోజు దాకా

లైన్ ఆగిపోయింది. ప్రొడక్షన్ వాళ్లు చుట్టూ మూగారు, మేనేజర్‌కి ఫోన్ మీద ఫోన్ వస్తోంది, మెకానిక్ గేర్‌బాక్స్ ముందు కూర్చుని ఉన్నాడు. అరగంటలో లైన్ లేస్తుందా, రెండు షిఫ్టులు పోతాయా అన్నది ఆ కూర్చున్న మనిషి చేతుల్లో ఉంది. కానీ అతన్ని పనిలోకి తీసుకునేటప్పుడు చాలా కంపెనీలు పెట్టే టైమ్ ఇరవై నిమిషాలు. బయోడేటా తిరగేస్తారు, ఎన్నేళ్ల అనుభవమో అడుగుతారు, జీతం మాట్లాడతారు, అయిపోయింది.

నేనూ చాలాకాలం అలాగే తీసుకున్నాను. ఒకసారి పద్నాలుగేళ్ల అనుభవం ఉన్నతను వచ్చాడు, అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పాడు, వెంటనే తీసేసుకున్నాం. మొదటి వారంలోనే అతను ఒక మోటార్‌కి కొత్త బేరింగ్ ఎక్కిస్తుంటే పక్కన నిలబడ్డాను. షాఫ్ట్ మీద బిగుతుగా కూర్చోవాల్సిన బేరింగ్, దాని బయటి రింగు మీద సుత్తితో కొడుతున్నాడు. ఆ దెబ్బ అంతా లోపలి బంతుల గుండా వెళ్తుంది, ట్రాక్ మీద సొట్టలు పడతాయి, అప్పటికి తిరుగుతుంది గానీ ఎక్కువకాలం ఉండదు. మూడు వారాలకే ఆ మోటార్ కేకలు పెట్టింది. ఆ రోజు నుంచి ఎవరి చేతి పనైనా కళ్లతో చూడకుండా తీసుకోలేదు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క నియమం చుట్టూనే తిరుగుతుంది.

1. ప్రకటన రాసేముందు బ్రేక్‌డౌన్ లాగ్‌బుక్ తెరవండి

"మంచి మెకానిక్ కావాలి" అనుకుని వెతకడం మొదలుపెడితే ఎవరు దొరికినా మంచివాడిలాగే కనిపిస్తాడు. ముందు మీకు ఏం కావాలో తేలాలి. గడిచిన ఏడాది లాగ్‌బుక్ ముందు పెట్టుకోండి. లాగ్ సరిగ్గా రాసి లేకపోతే షిఫ్ట్ సూపర్‌వైజర్లతో కూర్చుని కనీసం మూడు నెలలవైనా గుర్తు చేసుకుని రాయండి. ఏ మెషిన్, ఎన్ని గంటలు ఆగింది, లోపం ఏ రకం, ఏ షిఫ్టులో జరిగింది, ఈ నాలుగు చాలు. ఎన్నిసార్లు ఆగిందన్న లెక్క కంటే మొత్తం ఎన్ని గంటలు పోయాయన్న లెక్కే మీకు పనికొస్తుంది, ఎందుకంటే రోజుకి పదిసార్లు రెండేసి నిమిషాలు ఆగే సెన్సర్ గొడవ చిరాకు తెప్పించి గుర్తుండిపోతుంది, నెలకోసారి పన్నెండు గంటలు మింగే గేర్‌బాక్స్ మాత్రం మర్చిపోతాం.

ఆ గంటల్ని ఇంకోసారి విడగొట్టండి. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి ఎంతసేపు పట్టింది, స్పేర్ కోసం ఎంతసేపు ఎదురుచూశారు, విప్పి బిగించడానికి ఎంత? ఇది చేయని కంపెనీలే ఎక్కువ, అసలు విషయం బయటపడేది ఇక్కడే. పోయిన గంటల్లో ఎక్కువ భాగం స్పేర్ కోసం చూడటంలోనే పోతే మీకు కావాల్సింది కొత్త మెకానిక్ కాదు, ముందు స్టోర్స్ బాగుచేసుకోండి. కనిపెట్టడంలో పోతే తల ఉన్న ట్రబుల్‌షూటర్ కావాలి. విప్పి బిగించడంలో పోతే చేతి పనితనం ఉన్న ఫిట్టర్ కావాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే అదృష్టమే, కానీ ఆ అదృష్టం మీద ఆశ పెట్టుకుని ప్రకటన రాయకండి.

ఒకసారి మేం పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపించే కంట్రోల్ కంప్యూటర్) బాగా తెలిసినవాడే కావాలని పట్టుబట్టాం. లాగ్ కూడితే కంట్రోల్స్ వల్ల పోయిన గంటలు చాలా తక్కువ. మిగతాదంతా బేరింగులు, బెల్టులు, గాలి లీకులు, వదులైన టెర్మినళ్లు. మనం అరుదుగా పడే కష్టం కోసం మనిషిని వెతుకుతూ రోజూ పడే కష్టాన్ని వదిలేస్తున్నామని అప్పుడు తెలిసింది.

2. ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి

ప్రకటనలో మెషిన్ల పేర్లు, రకాలు రాయండి. షిఫ్టులు ఎలా తిరుగుతాయో, రాత్రిళ్లు ఇంటికి ఫోన్ వస్తుందో లేదో, వస్తే దానికి విడిగా డబ్బిస్తారో లేదో, వేడిలో, ఎత్తులో పని ఉంటుందో లేదో అన్నీ చెప్పండి. జీతం ఎంత నుంచి ఎంత వరకో కూడా రాయండి. అది దాచిపెడితే నష్టం మీకే, ఎందుకంటే పనిలో ఉన్న మంచి మెకానిక్ జీతం తెలియని చోటికి సెలవు పెట్టుకుని ఇంటర్వ్యూకి రాడు.

తప్పనిసరి అర్హతలు అయిదుకి మించనివ్వకండి. చదువు విషయంలో పట్టు సడలించండి, చట్టం లైసెన్స్ అడిగే పనులు తప్ప. కరెంటు పనికి, బాయిలర్ పనికి, ప్రెషర్ వెసెల్స్‌కి చాలా చోట్ల లైసెన్స్ తప్పనిసరి, మీ దగ్గర ఏం వర్తిస్తుందో ముందే తేల్చుకోండి. మీ మెషిన్ బ్రాండ్ మీద అనుభవం తప్పనిసరి అని మాత్రం రాయొద్దు. పంపు ఏ కంపెనీదైనా పంపే. పునాది గట్టిగా ఉన్నవాడు మీ మెషిన్‌ని రెండు నెలల్లో పట్టేస్తాడు.

3. ఎక్కడ వెతకాలి

మంచివాళ్లు ఎక్కువమంది ఎక్కడో ఒకచోట పనిలోనే ఉంటారు, ప్రకటనలు చూడరు. కాబట్టి మొదట అడగాల్సింది మీ దగ్గర ఇప్పటికే ఉన్న మెకానిక్‌లని. "నీ పక్కన రాత్రి షిఫ్టులో ఎవరుంటే నీకు ధైర్యం?" అని అడగండి, సూటిగా పేరు చెప్తారు. షట్‌డౌన్ పనులకి వచ్చే కాంట్రాక్టర్ల మనుషుల్లో ఎవరు శుభ్రంగా పనిచేస్తున్నారో గమనిస్తూ ఉండండి. ఓడల ఇంజిన్ రూముల్లో, సైన్యం వర్క్‌షాపుల్లో, భారీ వాహనాల షెడ్లలో పనిచేసి వచ్చినవాళ్లని కూడా పిలవండి. సముద్రం మధ్యలో స్పేర్ దొరకనప్పుడు ఉన్నదానితోనే నెట్టుకొచ్చినవాడికి మీ ఫ్యాక్టరీ కొత్తగా ఉంటుంది గానీ కష్టంగా ఉండదు.

ఇక మీ ఆపరేటర్లు. ప్రతి లైన్ మీదా మెషిన్ శబ్దం మారగానే తల తిప్పేవాడు ఒకడుంటాడు. చిన్నచిన్న సర్దుబాట్లు తనే చేసుకుంటాడు, మెకానిక్ వస్తే పక్కనే నిలబడి చూస్తాడు. అతన్ని ఒక అనుభవజ్ఞుడి కింద పెట్టి నేర్పించండి. టైమ్ పడుతుంది కాబట్టి ఇవాళ్టి ఖాళీకి పనికిరాడు, కానీ రెండేళ్ల తర్వాత వచ్చే ఖాళీకి ఇతనే దిక్కు. ఇప్పుడే మొదలుపెట్టండి.

4. పది నిమిషాల ఫోన్

ఫోన్‌లో మూడే అడగండి. ఇప్పుడు రోజూ చేసే పని ఏంటి, ఈ మధ్య మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన బ్రేక్‌డౌన్ ఏది, ఎందుకు మారాలనుకుంటున్నారు. రెండో ప్రశ్నకి జవాబు శ్రద్ధగా వినండి. నిజంగా చేసినవాడు వివరాల్లోకి దిగుతాడు, ఏం అనుకున్నాడో, అది ఎలా తప్పయిందో, చివరికి ఎక్కడ దొరికిందో చెప్తాడు. పక్కన నిలబడి చూసినవాడు "మేమంతా కలిసి సెట్ చేశాం" దగ్గర ఆగిపోతాడు. చేసింది తనేనా అని ఇంకో ప్రశ్న వేస్తే నీళ్లు నములుతాడు. షిఫ్టులు, జీతం గురించి కూడా ఈ ఫోన్‌లోనే తేల్చేసుకోండి, తర్వాత ఇద్దరికీ రోజు వృథా కాకుండా.

5. చేతి పని పరీక్ష

మిగతా అన్ని అడుగుల్లో ఎక్కడైనా రాజీ పడొచ్చు గానీ ఇక్కడ పడకండి. రెండు గంటలు చాలు. వర్క్‌షాపులో ఒక మూల పాత మోటార్, కప్లింగ్, పంపు ఒక బేస్ ఫ్రేమ్ మీద బిగించి పెట్టుకోండి. పక్కన ఒక చిన్న స్టార్టర్ ప్యానెల్, ఒక సిలిండర్, సొలినాయిడ్ వాల్వ్, గొట్టాలతో చిన్న గాలి సర్క్యూట్. స్క్రాప్‌లోంచి తీసినవే సరిపోతాయి. పరీక్ష అందరికీ ఒకేలా ఉండాలి, చూసేవాళ్లు ఇద్దరుండాలి, మార్కులు ఎవరికి వారు విడిగా వేసి తర్వాత పోల్చుకోవాలి. వచ్చినవాళ్ల టైమ్‌కి డబ్బివ్వండి, సేఫ్టీ షూస్, కళ్లద్దాలు మీరే ఇవ్వండి, మీ మనిషి లేకుండా కరెంటు ఆన్ చేయనివ్వకండి.

మొదటి పని: బేరింగ్ మార్చడం. టేబుల్ మీద నాలుగు బేరింగులు పెట్టి షాఫ్ట్‌కి సరిపోయేది తీయమనండి. బేరింగ్ మీద 6205 అని ఉంటే బోర్, అంటే లోపలి రంధ్రం, 25 మిల్లీమీటర్లు, చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే వస్తుంది, ఇది చాలామందికి తెలుసు. 6203 గురించి కూడా అడగండి. గుణించి 15 అంటే తప్పు, అది 17. లెక్క 04 నుంచి పైకే పనిచేస్తుంది, అంతకంటే కింద 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. తెలియకపోతే మార్కులు తీసేయకండి, చేతిలో కొలిచే వెర్నియర్ ఉంది కదా, కొలుస్తాడా లేక అంచనాతో చెప్పేస్తాడా అన్నది చూడండి. ఎక్కించేటప్పుడు బలం లోపలి రింగు మీదే పడేలా పైపు ముక్కో స్లీవో వెతుక్కుంటాడా? వేడి చేసి ఎక్కించాలంటే గ్యాస్ మంట అడుగుతాడా, మంట లేకుండా సమంగా వేడి చేసే ఇండక్షన్ హీటర్ ఉందా అని అడుగుతాడా? దాదాపు 110 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదని తెలిసినవాడైతే, మీ ముందు ఉన్నది నేర్చుకుని వచ్చిన మనిషి.

రెండో పని: అలైన్‌మెంట్, అంటే మోటార్ షాఫ్ట్, పంపు షాఫ్ట్ ఒకే గీతలోకి తేవడం. మోటార్ ఒక కాలు కింద ఎత్తు సరిచేసే సన్నని రేకు (షిమ్) ఒకటి మీరే తీసేసి ఉంచండి, వాళ్లకి చెప్పకండి. తర్వాత మోటార్‌ని పంపుకి అలైన్ చేయమనండి. కొందరు నేరుగా కప్లింగ్ మీద స్కేలు పెడతారు. కొందరు డయల్ గేజ్ బిగించి తిప్పుతూ రీడింగ్ పట్టుకోలేక సతమతమవుతారు, ఎందుకంటే బోల్టు బిగించిన ప్రతిసారీ రీడింగ్ మారిపోతుంది.

ఒకతను గుర్తున్నాడు. బెంచి దగ్గరికి వచ్చి ఏ పనిముట్టూ తీయలేదు. మొదట స్టార్టర్ ఐసొలేటర్ ఆఫ్‌లో ఉందో లేదో చూశాడు, తాళం ఉందా అని అడిగాడు. జేబులోంచి గుడ్డ తీసి మోటార్ కాళ్లు, బేస్ ప్లేటు తుడిచాడు, వేలితో అంచుల మీద తుప్పు తడిమి ఫైల్‌తో రెండు రుద్దులు రుద్దాడు. అప్పుడు ఒక్కో బోల్టూ వదులు చేస్తూ ప్రతి కాలు కిందా సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూశాడు. మూడో కాలు దగ్గర ఆగి, "సార్, ఇది గాల్లో ఉంది" అన్నాడు. అంతే, మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతని బయోడేటా ఒక పేజీ కూడా లేదు.

మూడో పని: లోపం కనిపెట్టడం. స్టార్టర్‌లో ఒక కంట్రోల్ వైరు వదులు చేసి ఉంచండి, లేదా గాలి సర్క్యూట్‌లో వాల్వ్ ఎగ్జాస్ట్ సైలెన్సర్‌ని గుడ్డతో మూసేయండి. సిలిండర్ నత్తనడక నడుస్తుంది. ఇక్కడ పక్కనుండి జవాబు కంటే దారి చూడండి. డ్రాయింగ్ అడిగాడా? మొదట ప్రెషర్ చూశాడా? సర్క్యూట్‌ని సగానికి విడగొట్టి తప్పు ఈ పక్కనా ఆ పక్కనా అని తేల్చుకుంటున్నాడా, లేక తోచిన పార్టు తీసి మారుస్తున్నాడా? మార్చుకుంటూ పోయేవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు తప్పు పట్టేస్తాడు, కానీ ఈలోపు మీ స్పేర్ల బిల్లు, మీ డౌన్‌టైమ్ రెండూ పెరుగుతాయి. పైగా అసలు కారణం ఏంటో ఎవరికీ తెలియదు కాబట్టి అదే తప్పు మళ్లీ వస్తుంది.

పని అయ్యాక లాగ్‌బుక్‌లో ఎంట్రీ రాయమనండి. "మోటార్ పని చేయడం లేదు, సరిచేశాం" అని రాసినవాడి రాతతో తర్వాతి షిఫ్టుకి ఏ ఉపయోగం లేదు. ఏం కనిపించింది, ఏం చేశాం, ఇంకా ఏం మిగిలింది, ఈ మూడూ వచ్చిన భాషలో నాలుగు లైన్లు రాస్తే చాలు. బెంచి ఎలా వదిలి వెళ్లాడో కూడా చూడండి, పనిముట్లు లెక్కపెట్టుకున్నాడో లేదో. మెషిన్‌లో మర్చిపోయిన ఒక్క స్పానర్ చాలు గేర్లు పోవడానికి.

6. ప్రాణాల దగ్గర మినహాయింపు లేదు

లాకౌట్ గురించి, అంటే పని చేసేటప్పుడు ఎవరూ మెషిన్ ఆన్ చేయకుండా స్విచ్‌కి తాళం వేయడం గురించి, విడిగా చెప్పాలి. ఎంత పనిమంతుడైనా, మీకు ఎంత అవసరం ఉన్నా, తాళం వేయకుండా మెషిన్‌లో చెయ్యి పెట్టేవాడిని తీసుకోకండి. అడగాల్సింది ఇది: "మెయిన్ స్విచ్ ఆఫ్ చేశారు. ఇంకా మిమ్మల్ని కొట్టగలిగేది ఏముంటుంది?" తెలిసినవాడు ఆగకుండా చెప్తాడు. హైడ్రాలిక్ అక్యుములేటర్‌లో (ప్రెషర్‌ని నిల్వ ఉంచే సిలిండర్) మిగిలిన ప్రెషర్, లైన్‌లో ఆగిన గాలి, పైన వేలాడుతున్న బరువు, నొక్కి ఉన్న స్ప్రింగు, వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) కెపాసిటర్లలో చార్జి. డ్రైవ్ మీద రాసి ఉన్న నిమిషాలు ఆగి, మీటర్‌తో చూసుకుని అప్పుడే ముట్టుకోవాలని చెప్తాడు. తన తాళం, తన తాళంచెవి, తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి చూసుకోవడం, ఇవి అలవాటుగా వచ్చేస్తాయి. హైడ్రాలిక్ హోస్‌లో సన్నని లీకు ఎలా వెతుకుతారని కూడా అడగండి. చేత్తో తడిమి అన్నాడంటే ప్రమాదం. ఆ ప్రెషర్‌కి నూనె చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, చూడటానికి సూది గుచ్చినంతే ఉంటుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. అట్టముక్క పెట్టి చూడాలి.

"టైమ్ లేనప్పుడు ఎప్పుడైనా లాక్ చేయకుండా చేశారా?" అని కూడా అడుగుతాను. చేశానని ఒప్పుకుని, ఎందుకు మానేశాడో చెప్పేవాడి మీద నాకు నమ్మకం ఎక్కువ.

7. ఆ తర్వాత కూర్చుని మాట్లాడండి, ఫ్లోర్ మీద తిప్పండి

ఒక సమస్య ఇవ్వండి. "కన్వేయర్ మోటార్ గంటకోసారి ఓవర్‌లోడ్ మీద ట్రిప్ అవుతోంది, మీరైతే ఏం చేస్తారు?" సెట్టింగ్ పెంచుతాను అన్నవాడు మోటార్ కాల్చేస్తాడు. మంచివాడు మిమ్మల్నే ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఎప్పటి నుంచి, దానికి ముందు ఏం మార్చారు, ఖాళీగా ఉన్నప్పుడు కూడా ట్రిప్ అవుతోందా, మూడు ఫేజుల్లో కరెంటు ఒకేలా ఉందా, రోలర్ ఏదైనా పట్టేసిందా, బెల్టు మరీ బిగించారా. మోటార్‌ని లోడు నుంచి విడదీసి ఒంటరిగా నడిపి చూద్దాం అంటాడు. ఇంతవరకూ వచ్చాడంటే ఇక మీరు పరీక్షించాల్సింది పెద్దగా లేదు.

తర్వాత లైన్ పక్కన ఓ పావుగంట నడిపించండి, ఏమీ అడగకుండా. అతని కళ్లు, చెవులు ఎటు పోతున్నాయో గమనించండి. గార్డు లేని చెయిన్, కారుతున్న సీలు, ఎక్కడో బుసకొడుతున్న గాలి, ఇవి తనంతట తనే చూసి అడిగేవాడు దొరకడం తక్కువ.

8. పాత చోట విచారించడం, మాట ఖాయం చేయడం

అభ్యర్థి ఒప్పుకుంటేనే ఫోన్ చేయండి, అది కూడా హెచ్‌ఆర్‌కి కాదు, అతనితో పనిచేసిన సూపర్‌వైజర్‌కి. ఒకే ప్రశ్న చాలు: "రాత్రి రెండింటికి లైన్ ఆగితే మొదట ఎవరికి ఫోన్ చేసేవాళ్లు?" జవాబు కోసం అటువైపు ఎంతసేపు ఆలోచించారో కూడా సమాచారమే.

నచ్చితే రెండు మూడు రోజుల్లో ఆఫర్ ఇచ్చేయండి. మూడు వారాలు అప్రూవల్స్ చుట్టూ తిరిగితే ఈలోపు ఇంకొకరు తీసుకుపోతారు. పరీక్షకి ముందే బడ్జెట్ సంతకాలు అయిపోయి ఉండాలి. నచ్చకపోయినా ఫోన్ చేసి చెప్పండి, ఎక్కడ తప్పిందో కూడా చెప్పండి. రెండు గంటలు మీ బెంచి దగ్గర చెమటోడ్చిన మనిషికి ఆ మాత్రం మర్యాద దక్కాలి.

9. మొదటి తొంభై రోజులు

వచ్చిన రోజే అతని పేరుతో తాళం, తాళంచెవి, సొంత టూల్ బాక్స్ ఇవ్వండి. మొదటి నెల బ్రేక్‌డౌన్ల మీదకి తోసేయకుండా ప్రివెంటివ్ మెయింటెనెన్స్ పనుల్లో పెట్టండి, ప్రతి మెషిన్ చుట్టూ తిరిగి గ్రీజు పెట్టినవాడికి ఆ మెషిన్ మామూలుగా ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఏ పాయింటుకి ఏ గ్రీజు, ఎంత అన్నది రాసి ఇవ్వండి. పొంగేదాకా కొట్టినా బేరింగ్ వేడెక్కుతుంది, ఒకదానితో ఒకటి పడని గ్రీజులు కలిపినా పాడవుతుంది. రాత్రి షిఫ్టుకి ఒంటరిగా రెండో నెల దాటాకే పంపండి.

మనుషులు ఎందుకు వెళ్లిపోతారంటే చాలాసార్లు జీతం ఒక్కటే కారణం కాదు. అడిగిన స్పేర్ రాదు, తాత్కాలికంగా తీగ కట్టి నడిపించమంటారు, అది తెగిపోతే తప్పు మెకానిక్ మీద వేస్తారు. ఈ టెన్షన్ ఏడాది భరించాక ఎవరైనా బయటికే చూస్తారు. మెషిన్ ఆపాల్సిందే అని మెకానిక్ అన్నప్పుడు ప్రొడక్షన్ వైపు నుంచి ఒత్తిడి వస్తే మీరు ఎవరి పక్కన నిలబడతారో అతను చూస్తూ ఉంటాడు.

పని కుదరడం లేదనిపిస్తే ఆరో వారంలోనే కూర్చోబెట్టి ఫలానా పని ఫలానా చోట తప్పిందని చూపించండి, తొంభయ్యో రోజు దాకా మనసులో పెట్టుకోకండి. కుదిరితే తొంభయ్యో రోజున లాగ్‌బుక్ మళ్లీ ఇద్దరూ కలిసి తెరవండి, మీరు మొదట్లో కూడిన గంటల పక్కన ఈ మూడు నెలల గంటలు రాయండి. ఏ మెషిన్‌కి ఏ స్పేర్ స్టోర్‌లో ఉండి తీరాలో అతన్ని లిస్టు రాసివ్వమనండి. అందులో మొదటి మూడింటికి ఆ వారంలోనే ఆర్డర్ పెట్టి, వచ్చాక అతనికే చూపించండి.